నేల కింది అంతస్తు

ఉద్దేశం

హైదరాబాదు పశ్చిమ భాగంలో వెలసిన ఐ.టి. నగరంలో భవనాల ఎత్తును చూసి ఆశ్చర్యపడేవారే గాని వాటి లోతును గుర్తించేవారు తక్కువ. ఒక సెల్లారు పూర్తి కావడానికి ఎంత కాలం పడుతుంది, ఆ వ్యవధిని నిర్ణయించే అంశాలేవి, తొందరపాటు వల్ల కలిగే నష్టమేమిటి అనే విషయాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

భూమి లోపల గదిని నిర్మించుకోవడం తెలుగువారికి కొత్త కాదు. పూర్వం పల్లెలలో రైతులు ధాన్యాన్ని పాతరలలో దాచేవారు. కోటలలోను, సంపన్నుల భవంతులలోను నేలమాళిగలు ఉండేవి. నేటి నగరంలో ఆ స్థానాన్ని సెల్లారు ఆక్రమించింది. పాతర ధాన్యం కోసం, నేలమాళిగ ధనం కోసం ఏర్పడగా, సెల్లారు వాహనాల కోసం ఏర్పడింది.

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అప్పటివరకు బండరాళ్లతో, పొదలతో నిండిన ఆ ప్రాంతం క్రమంగా మహానగరంలో భాగమైంది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ మొదలైన చోట్ల కార్యాలయాలు, అపార్టుమెంట్లు వెలిశాయి. స్థలం విలువ పెరిగింది. వాహనాల సంఖ్యా పెరిగింది. ఫలితంగా భవనం పైకి ఎదుగుతున్నకొద్దీ కిందికీ దిగవలసి వచ్చింది. 2012లో వెలువడిన భవన నిర్మాణ నిబంధనలు సెల్లారును ప్రధానంగా వాహనాలు నిలుపుకోవడానికే ఉద్దేశించాయి.

అమెరికాలోని చలి రాష్ట్రాలలో పరిస్థితి వేరు. అక్కడ శీతకాలంలో నేల కొంత లోతు వరకు గడ్డకట్టుకుపోతుంది. పునాది అంతకంటె కిందికి దిగాలి. ఎలాగూ తవ్విన ఆ లోతునే బేస్‌మెంటుగా మలచుకుంటారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం దానిని పిల్లల ఆటగదిగానో, అతిథుల గదిగానో తీర్చిదిద్దుకుంటాయి. గోడలు, పైకప్పు ముందే ఉంటాయి కనుక కొయ్య చట్రాలు, విద్యుత్తు తీగలు, గోడపలకలు, నేల పరుపు అమర్చి అధికారుల తనిఖీలు పూర్తి చేయడానికి కొన్ని వారాల నుండి కొన్ని నెలలు పడుతుంది. హైదరాబాదులో మాత్రం లెక్క ఖాళీ స్థలంతోనే మొదలవుతుంది.

ఈ నగరం దక్కను పీఠభూమిపై నిలిచి ఉంది. ఇక్కడి గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పైన మట్టిపొర, దాని కింద శిథిలమైన రాయి అయిన మొరం, ఆపైన గట్టి బండ ఉంటాయి. ఒకే స్థలంలో ఒక మూల 4 మీటర్ల వరకు మొరమే రావచ్చు. మరొక మూల ఒక మీటరు లోతులోనే బండ తగలవచ్చు. అందుచేత తవ్వకానికి ముందే పలుచోట్ల రంధ్రాలు వేసి భూపరీక్ష చేయించాలి. ఆ పరీక్షకు పట్టే కొద్ది రోజులు తరువాతి నెలల తరబడి జాప్యాన్ని నివారించగలవు.

తవ్వకానికి పట్టే కాలాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. 800 చదరపు మీటర్ల మేర 3.5 మీటర్ల లోతు తవ్వాలనుకుందాం. తీయవలసిన మట్టి 2,800 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి వదులై సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. అప్పుడది 3,500 ఘనపు మీటర్లవుతుంది. ఒక టిప్పరులో 10 ఘనపు మీటర్లు పడితే 350 ట్రిప్పులు తోలాలి. నగరంలో పగటిపూట భారీ వాహనాలపై ఆంక్షలుంటాయి కనుక రాత్రికి 25 ట్రిప్పుల చొప్పున 14 రాత్రులు పడుతుంది. ఇది మెత్తని నేల మాట. అందులో సగం బండ అయితే 1,400 ఘనపు మీటర్ల రాతిని పగులగొట్టాలి. రోజుకు 25 ఘనపు మీటర్లు పగిలినా ఆ పనికి 56 రోజులు కావాలి.

మట్టిని, మొరాన్ని ప్రొక్లెయినరు సులభంగా తీస్తుంది. బండను బ్రేకరుతో పగులగొడతారు. లేదా రాతిలో రంధ్రాలు వేసి, ఉబ్బే గుణం గల రసాయనాన్ని నింపి, అది విస్తరించే ఒత్తిడితో శబ్దం లేకుండా చీలుస్తారు. పేలుడు పదార్థాల వినియోగానికి ప్రత్యేక అనుమతి తప్పనిసరి. చుట్టూ నివాసాలున్నచోట పేలుళ్ల అదురుకు గోడలు బీటలు వారే ప్రమాదముంది.

తవ్వకం ముగిసిన తరువాత కాంక్రీటు పని ప్రారంభమవుతుంది. ఇక్కడ యంత్రాల వేగం అంతగా పనిచేయదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడడానికి దాని కాలం దానికి కావాలి. భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 (2000) ప్రకారం సాధారణ సిమెంటు వాడిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. ఎండలు మండేచోట కనీసం 10 రోజులు తడపడం మంచిది. స్తంభాల పక్క పలకలను 16 నుండి 24 గంటల తరువాత విప్పవచ్చు. కాని 4.5 మీటర్లు మించిన నిడివి గల స్లాబు కింది ఆధారాలను 14 రోజులు, 6 మీటర్లు మించిన దూలాల కింది ఆధారాలను 21 రోజులు కదల్చరాదు. కాంక్రీటు బలాన్ని 28 రోజుల నాటి పరీక్షతో నిర్ధారిస్తారు.

మెత్తని నేల గల పై ఉదాహరణలో తవ్వకానికి 2 వారాలు, పునాదులకు, స్తంభాలకు 3 నుండి 4 వారాలు, చుట్టుగోడకు, స్లాబుకు 5 నుండి 6 వారాలు, నీరు చొరని పూతకు, గోడ వెనుక మట్టి నింపడానికి 2 నుండి 3 వారాలు, ర్యాంపు, గచ్చు, విద్యుత్తు, నీటిని తోడే మోటార్ల ఏర్పాటుకు 3 నుండి 4 వారాలు వేసుకొంటే మొత్తం 15 నుండి 19 వారాలవుతుంది. అంటే సుమారు నాలుగు నెలలు. సగం బండ తగిలితే సుమారు ఆరు నెలలు.

ఈ లెక్కలో ఇంకా వాన చేరలేదు. మృగశిర కార్తెతో తొలకరి మొదలవుతుంది. తెరిచి ఉంచిన గొయ్యిలోకి నీరు చేరితే అంచులు నాని, మట్టిపెళ్లలు విరిగి పడతాయి. పక్క ఇంటి పునాది కింది నేల జారిపోతుంది. ఈ కారణంగానే నగరపాలక సంస్థ పలు సంవత్సరాలలో వానాకాలపు సెల్లారు తవ్వకాలను నిషేధించింది. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వర్షాలకు పూర్తయిన సెల్లార్లలోకి సైతం నీరు చేరి వాహనాలు మునిగాయి. దసరా వెళ్లిన తరువాత గడ్డపార వేసి, రోహిణి కార్తె ముగిసేలోగా చుట్టుగోడను, స్లాబును పూర్తి చేయడం వివేకం. సేద్యానికి వలెనే సెల్లారుకు కూడా అదను ఉంది.

అదను తప్పినప్పుడు నష్టపోయేది గొయ్యి అడుగున పనిచేసే మనిషి. తరతరాలుగా మట్టిపని, రాతిపని చేసిన వడ్డెరలు, పాలమూరు నుండి వలస వచ్చిన కూలీలు, ఒడిశా, బీహారు, ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన శ్రామికులు ఈ నగరాన్ని నిర్మించారు. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు పైగా తూగుతుంది. అంత బరువు మీద పడితే తప్పించుకొనే వ్యవధి ఉండదు. 2016 డిసెంబరులో నానక్‌రాంగూడలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి పలువురు మరణించారు. అంచులను ఏటవాలుగా తవ్వడం, గోడలకు ఊతం కల్పించడం, తవ్విన మట్టిని గొయ్యి అంచున పోయకుండడం, ఎక్కి రావడానికి నిచ్చెన ఉంచడం వంటి జాగ్రత్తలకు కొన్ని రోజులు అదనంగా పడతాయి. ఆ రోజులే ప్రాణాపాయాన్ని తప్పిస్తాయి.

కాబట్టి సెల్లారు ఎన్నాళ్లలో పూర్తవుతుందని అడిగే యజమాని ముందుగా మూడు విషయాలు తెలుసుకోవాలి: నేల ఎటువంటిది, వాన ఎంత దూరంలో ఉంది, లోపల దిగేవారికి రక్షణ ఏమి ఉంది. ఈ మూడింటికి సమాధానం లభించిన తరువాతనే ఇంజనీరు చెప్పిన గడువుకు అర్థం ఉంటుంది.

కఠిన పదాలు – అర్థాలు

పాతర = ధాన్యం దాచే గొయ్యి
వ్యవధి = గడువు, కాలపరిమితి
శిథిలమైన = సడలిన, శిథిలావస్థ పొందిన
జాప్యం = ఆలస్యం
తొలకరి = మొదటి వానలు
అదను = తగిన సమయం
ఊతం = ఆధారం

సంధులు

ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేక = ప్రతి + ఏక – యణాదేశ సంధి
మొదలైన = మొదలు + ఐన – ఉత్వ సంధి

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. సెల్లారు నిర్మాణ వ్యవధిని నిర్ణయించే అంశాలను వివరించండి.
2. “సేద్యానికి వలెనే సెల్లారుకు కూడా అదను ఉంది” – ఈ వాక్యాన్ని సమర్థించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. అమెరికా బేస్‌మెంటుకు, హైదరాబాదు సెల్లారుకు గల భేదమేమి?
2. కాంక్రీటు పనిలో తొందర ఎందుకు పనికిరాదు?
3. గొయ్యిలో పనిచేసేవారి రక్షణకు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?