ట్రాక్టరు వెనుకపెట్టెకు తగిన నూనె

ట్రాక్టరు గల ప్రతి యింటివారికిని ఇంజనునకు పోయు నూనెను గూర్చి కొంత తెలియును. గేరుపెట్టెయందును, వెనుక ఇరుసునందును ఉండు నూనెను గూర్చి తెలిసినవారు కొలదిమంది. అది కంటికి కనబడదు. గడువు దాటినను మార్పక యున్నచో ట్రాక్టరు కొంతకాలము నడచుచునే యుండును. చెడిన పిమ్మట మాత్రము ఒక పంటపై వచ్చిన లాభము మరమ్మతునకే పోవచ్చును. కావున ఆ నూనెను ఎన్నుకొనవలసిన విధము నిచ్చట వివరింపదలచితిమి.

ఈ నూనె చేయు పని యొక్కటి కాదు. ఐర్లండునందు జన్మించిన హ్యారీ ఫెర్గూసన్ అను యంత్రనిపుణుడు, నాగలిని ట్రాక్టరునకు మూడు కడ్డీలతో తగిలించి, నూనె యొత్తిడిచే దానిని ఎత్తి దించు పద్ధతిని ప్రచారమునకు దెచ్చెను. అట్టి ట్రాక్టరు 1936వ సంవత్సరమున ఇంగ్లండునందు అమ్మకమునకు వచ్చెను. 1946 మొదలు 1956 వరకు కోవెంట్రీ నగరమున తయారైన ఫెర్గూసన్ ట్రాక్టరులో, పంపు వెనుకపెట్టెలోని నూనెయందే మునిగి యుండెడిది. పండ్లచక్రములను తడుపు నూనెయే నాగలినిగూడ ఎత్తెడిది. నేడు మన పొలములను దున్ను ట్రాక్టరులలో పెక్కింటికి ఇట్టి యేర్పాటే కలదు. చాలవాటిలో బ్రేకుపలకలు సయితము ఆ నూనెలోనే తిరుగుచుండును.

ఇచ్చటనే చిక్కు గలదు. పండ్లచక్రములకు గట్టి పొరవలె నిలుచు చిక్కని నూనె కావలెను. పంపునకు సులభముగ పారు పలుచని నూనె కావలెను. నూనె మిక్కిలి చిక్కనైనచో చలి యుదయమున పంపు దానిని పీల్చుకొనలేక మూలుగును. గొర్రు మెల్లగా లేచును. మిక్కిలి పలుచనైనచో ఒత్తిడి సందులగుండ జారిపోయి, ఎత్తిన గొర్రు తనంతట దిగిపోవును. బ్రేకులకు మరియొక గుణము కావలెను. పలకలు ఒకదాని నొకటి పట్టుకొనునట్లు కొంత ఒరిపిడి నిలువవలెను. నూనె మితిమీరి జారుడైనచో బ్రేకు పట్టదు. కలుపవలసిన మందు కలుపనిచో బ్రేకు కీచుమని యదరును. ధాన్యపు బస్తాలతో ట్రాలీని లాగుచు కాలువగట్టు దిగు ట్రాక్టరునకు ఇది ప్రాణముతో గూడిన సంగతి.

ఈ పనులన్నిటికి పొందికగా చేసిన నూనెకు యు.టి.టి.ఓ. అను పేరు గలదు. దీనికి బదులుగా చేతికందిన నూనె పోయరాదు. ఇంజను నూనెలో బ్రేకుపలకలకు వలయు మందు సాధారణముగా నుండదు. జి.ఎల్.-5 అను గేరు నూనె కొన్ని ఇరుసులకు మంచిదే. కాని దానియందలి గంధకము, భాస్వరము గల మందులు వేడిమియందు కంచు, ఇత్తడి భాగములను తినివేయవచ్చును.

డబ్బాపై నుండు అంకెలనుగూడ జాగ్రత్తగా చదువవలెను. గేరు నూనెకు 80, 90 అనియు, ఇంజను నూనెకు 30, 40 అనియు, హైడ్రాలిక్ నూనెకు 46, 68 అనియు వ్రాయుదురు. ఇవి వేర్వేరు కొలతలు. గేరు నూనెలోని 90 ఇంజను నూనెలోని 40, 50 అంకెలకు దగ్గరి చిక్కదనమే గాని, వానికి రెట్టింపు కాదు. హైడ్రాలిక్ నూనెపై నుండు 46 అను అంకె 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కొలిచిన చిక్కదనమును దెల్పును.

పేరు చూచి కొనుట యెంత ప్రమాదమో అమెరికాదేశపు వృత్తాంతమొకటి తెల్పును. జాన్ డీర్ కంపెనీవారి ట్రాక్టరులకు పూర్వము 303 అను నూనె వాడుకలో నుండెను. దానియందు స్పెర్మ్ తిమింగిలపు నూనె కలిసియుండెడిది. 1970వ సంవత్సరమున ఆ దేశప్రభుత్వమువారు ఆ తిమింగిలమును నశించుచున్న జంతువుల పట్టికలో జేర్చిరి. ఆ దశాబ్దముననే 303 నూనె వాడుకనుండి తొలగెను. అయినను ఆ పేరు చవుక డబ్బాలపై నిలిచిపోయెను. 2018 ప్రాంతమున మిస్సోరీ రాష్ట్ర వ్యవసాయశాఖవారు, అట్టి డబ్బాలలోని నూనె పరీక్షలలో నిలువకుండుటచే, ఆ పేర నూనె యమ్మకమును నిషేధించిరి. చవుకయని కొన్న రైతులు మోసపోయిరి.

కావున వెలను, రంగును, అంగడివాని మాటను బట్టి కొనరాదు. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో ఏ కొలమానము వ్రాసియున్నదో, సరిగా నదియే డబ్బాపై నుండవలెను. రెండు తెగల నూనెలను కలుపరాదు. మట్టము చూచునప్పుడు ట్రాక్టరును చదునునేలపై నిలిపి, గొర్రును దించి, ఇంజను నాపవలెను. గొర్రు ఎత్తియున్నచో కొంత నూనె లిఫ్టు సిలిండరులో నిలిచి, లెక్క తప్పును. పోయునప్పుడు మూత చుట్టునుండు దుమ్మును తుడువవలెను. ఇసుకరేణువొక్కటి చాలును పంపును గీరుటకు.

కృష్ణా గోదావరీ మండలములందు దమ్ము చేయు దినములలో మరియొక కాపుదల వలయును. అప్పుడు వెనుక ఇరుసు బురదనీటిలో మునుగును. సీలు అరిగినచో నీరు లోనికి దూరును. నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గ్రహించి, దానిని దించి, సీలు బాగుచేయించి, జల్లెడ శుభ్రపరచి, క్రొత్తనూనె పోయవలెను. పాతనూనెను కాలువలో పారబోయరాదు. దానిని ప్రోగుచేయువారికి ఇయ్యవలెను.

పెక్కు ఇండ్లలో ఆ పుస్తకము అలమరలో చుట్టిపెట్టినది చుట్టిపెట్టినట్లే యుండును. చదువనేర్చిన విద్యార్థులారా, ఈ సెలవులలో దానిని విప్పి, వెనుకపెట్టె నూనెను గూర్చిన పుటను మీ తండ్రిగారికి చదివి వినిపింపుడు. ఆ నూనెపేరును, దాని కొలమానమును, మార్పవలసిన గంటల లెక్కను ఒక కాగితముపై పెద్ద యక్షరములతో వ్రాసి, ట్రాక్టరు నిలుపు సాలలో గోడకు అంటింపుడు.