ఏ పులుపు ఏ పాత్రలో?

సెలవులు ముగిసి హాస్టలుకు తిరిగి వచ్చేటప్పుడు మనలో దాదాపు ప్రతి ఒక్కరి ట్రంకు పెట్టెలోనూ ఇంటి పచ్చడి ఉంటుంది. అమ్మ ఆ రోజు ఇంట్లో ఏది ఖాళీగా కనబడితే దానిలో నింపి ఇస్తుంది. పాత హార్లిక్స్ సీసా కావచ్చు, నూనె డబ్బా కావచ్చు, మిఠాయి కొట్టు వాళ్ళ ప్లాస్టిక్ డబ్బా కావచ్చు, ఒక్కోసారి గోడలకు వేసే రంగుల డబ్బా కూడా కావచ్చు. పచ్చడి రుచి గురించి గంటల కొద్దీ మాట్లాడుకుంటాం గానీ డబ్బా సంగతి ఎవరూ పట్టించుకోరు. రసాయనశాస్త్రం చదువుతున్న వాళ్ళుగా మేము ఈసారి సంచికలో డబ్బా గురించే రాయదలచుకున్నాం.

పుల్లగా ఉన్న ప్రతి పదార్థంలోనూ ఏదో ఒక ఆమ్లం ఉంటుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ముఖ్యమైనవి. పదో తరగతిలో చదువుకున్న పీహెచ్ స్కేలును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 7 తటస్థం. అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. పెరుగు 4కు కొంచెం పైన ఉంటుంది, చిక్కటి చింతపండు గుజ్జు 3కు అటూ ఇటూగా, నిమ్మరసం 2కూ 3కూ మధ్య ఉంటాయి. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్లు లెక్క. అందువల్ల పెరుగుకు సరిపోయిన గిన్నె నిమ్మకాయ ఊరగాయకు కూడా సరిపోతుందనుకోవడానికి వీల్లేదు.

ఆమ్లం లోహాన్ని కరిగిస్తుందని మనకు తెలుసు. ప్రయోగశాలలో జింకు ముక్క మీద ఆమ్లం పోస్తే బుడగలు వస్తాయి. వంటింట్లో అంత ఆర్భాటం ఉండదు. పాత్ర మెల్లగా, కంటికి కనబడకుండా పదార్థంలోకి దిగుతుంది. ఎంత దిగుతుందన్నది పులుపు మీదే కాక కాలం మీద కూడా ఆధారపడి ఉంటుంది. అరగంట ఉడికే చారు వేరు, ఏడాది పాటు ఊరే ఊరగాయ వేరు. దీనికి ఉప్పు కూడా తోడైతే లోహం ఇంకా త్వరగా చెడుతుంది.

ఆస్ట్రేలియా జంట

ఈమధ్య హైదరాబాదు వంటి నగరాల్లో కొంబుచా అనే పానీయం సీసాల్లో అమ్ముతున్నారు. తియ్యటి టీ డికాక్షను చల్లార్చి, అందులో బాక్టీరియా, ఈస్టు కలిసి పెరిగిన మీగడ వంటి తెట్టును వేసి, వారం పది రోజులు పులియబెడితే అది తయారవుతుంది. మన తరవాణికి దూరపు చుట్టం అనుకోవచ్చు. పులిసిన తరువాత దాని పీహెచ్ 3 దగ్గరికి దిగుతుంది. ఆస్ట్రేలియాలో ఇద్దరు భార్యాభర్తలు దీన్ని ఇంట్లోనే ఒక పింగాణీ కుండలో పులియబెట్టుకుని కొన్ని నెలల పాటు తాగారు. ఇద్దరికీ సీసపు విషం ఎక్కింది. ఆ వివరాలు 1998లో ఆ దేశపు వైద్య పత్రికలో అచ్చయ్యాయి. పానీయంలో ఏ దోషమూ లేదు. కుండ లోపలి నిగనిగలాడే పూతలోని సీసాన్ని ఆ పులుపు రోజూ కొంచెం కొంచెంగా లాగింది.

పింగాణీ మీది ఈ పూతను గ్లేజు అంటారు. అది ఒక రకం గాజే. అందులో సీసం కలిపితే తక్కువ వేడికే కరిగి అద్దంలా పరుచుకుంటుంది, రంగులు బాగా తేలతాయి. అందుకే చవక రకం రంగురంగుల మట్టి పాత్రల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. సీసం కలిసిందని నాలుకకు తెలియదు. పైగా సీసం, ఎసిటిక్ ఆమ్లం కలిసి ఏర్పడే లవణం తియ్యగా ఉంటుంది, దాన్ని సీసపు చక్కెర అని కూడా అంటారు. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, నీరసం కలుగుతాయి. పిల్లల్లో మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. (అన్నట్టు సీసాలో సీసం ఉంటుందేమోనని భయపడనక్కరలేదు. పేరు కలిసింది గానీ మామూలు గాజు ఇసుక, సోడా, సున్నంతో తయారవుతుంది. ఖరీదైన కట్ గ్లాసు సామానులో మాత్రం సీసం కలుపుతారు. అది మన ఇళ్ళల్లో ఎలాగూ ఉండదు.)

మరి మన ఆవకాయ జాడీ మాటేమిటి? పైన గోధుమ రంగు, కింద తెలుపు ఉండే పాత కాలపు జాడీ గట్టి రకం పింగాణీ. దాన్ని 1200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాలుస్తారు. అంత వేడిలో గ్లేజు కరగడానికి సీసం సహాయం అవసరం లేదు. కనుక అమ్మమ్మల నాటి జాడీ మంచిదే. కాకపోతే లోపలి పూత పెచ్చులూడినా, సన్నటి జాలి పగుళ్ళు కనబడినా దాన్ని ఊరగాయకు వాడకుండా బియ్యమో పప్పో పోసుకోవడం మేలు. సంతలో అలంకారానికి అమ్మే పూల బొమ్మల జాడీ అందంగా ఉంటే కొనుక్కోండి, అందులో పులుపు మాత్రం పెట్టకండి.

గ్లేజు లేని మామూలు మట్టికుండతో ఈ ఇబ్బంది లేదు. గోదావరి జిల్లాల్లో తరవాణి, ఉత్తరాంధ్రలో చోడి అంబలి, తెలంగాణలో జొన్న అంబలి కుండల్లోనే పులిసేవి. కుండకున్న చిక్కు వేరు. దాని గోడల్లోని సన్నటి రంధ్రాల్లో పాత పులుపు నిలిచిపోతుంది. తరవాణికి అదే వరం, తోడు వేయనక్కరలేకుండా పులుస్తుంది. ఊరగాయకు అదే శాపం, నూనె పీల్చి కంపు కొడుతుంది.

సత్తు, సిలవరు

మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేది అల్యూమినియం. కొన్ని ఊళ్ళల్లో దాన్ని సిలవరు అంటారు, తెలంగాణలో సత్తు అంటారు. కోస్తాలో కొందరు సత్తుగిన్నె అని చారు కాచుకునే తగరపు గిన్నెను పిలుస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి దానిలో నీళ్ళు పోయకుండా పొయ్యి మీద పెడితే గిన్నె చేతికి దక్కదు. రెండూ వేర్వేరు లోహాలు. పేరు ఒకటే కావడంతో ఒకరి సలహా ఇంకొకరికి తప్పుదారి అవుతుంది.

అల్యూమినియం మీద గాలి సోకగానే సన్నటి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొరే దానికి కవచం. పీహెచ్ 4 కంటే బాగా తగ్గితే కవచం కరుగుతుంది. అలాగని అల్యూమినియం గిన్నెలో వండినదంతా విషం అని ప్రచారం చేయడం సరికాదు. తిన్న అల్యూమినియంలో నూటికి ఒక వంతు కూడా రక్తంలో చేరదు. చేరినదాన్ని ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు బయటికి పంపుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం 2011లో వారానికి కిలో శరీర బరువుకు 2 మిల్లీగ్రాములు హద్దుగా నిర్ణయించింది. 40 కిలోల విద్యార్థికి అన్ని రకాల ఆహారంలోనూ కలిపి వారానికి 80 మిల్లీగ్రాములన్న మాట. మన మెస్సులో సాంబారు పెద్ద అల్యూమినియం డేక్సాలో కాగుతుంది. దించిన వెంటనే స్టీలు బకెట్లలోకి వంపితే చాలు. రాత్రి మిగిలిన పులుసు తెల్లారేదాకా డేక్సాలోనే ఉండిపోవడం, పులిహోర పులుసు ముందురోజే కాచి అందులోనే మూతపెట్టడం, ఇవి మానుకోవలసినవి. ఇంకొక సంగతి. డేక్సా లోపల నల్లబడిన పొరను చూసి మురికి అనుకుని చింతపండుతో తళతళలాడేలా తోముతారు. అలా తోమితే కవచం పోతుంది. ఆ నలుపు వల్ల హాని లేదు.

ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. ఇత్తడి గిన్నెలో పెరుగు ఉంచితే పచ్చటి చిలుము పడుతుంది. అది రాగి లవణం, తింటే వాంతులవుతాయి. ఈ బాధ తప్పించడానికే కళాయి పుట్టింది. గిన్నెను వేడి చేసి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా రుద్దుతారు. మంచి తగరంతో వేసిన కళాయి ఉన్నంతవరకు చారుకు భయం లేదు. తగరం ఖరీదు కనుక దానిలో సీసం కలిపే వాళ్ళున్నారు, అదొక్కటే అనుమానం. రాగి చెంబులో నీళ్ళు ఆరోగ్యమని ఇప్పుడు చాలామంది సీసాలు కొంటున్నారు. నీళ్ళు తాగండి, ఆ సీసాలో నిమ్మరసం, మజ్జిగ పోయవద్దు.

స్టీలు వంటకూ వడ్డనకూ మంచిది. పచ్చడి నెలల తరబడి ఉంచితే మాత్రం ఉప్పులోని క్లోరైడు దాని మీద సూది మొనంత గుంటలు పెడుతుంది. రెండు మూడు రోజులకు క్యారియరులో తెచ్చుకుంటే ఫరవాలేదు. రేకు డబ్బా సంగతి చెప్పనే అక్కరలేదు, తుప్పు కళ్ళకే కనబడుతుంది.

ప్లాస్టిక్ డబ్బాలు

ఇక్కడ పులుపు కంటే నూనె ముఖ్యం. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే పదార్థాలు, రంగులు నీటిలోకంటే నూనెలో సులువుగా దిగుతాయి. ఆవకాయలో నూనె, ఉప్పు, పులుపు మూడూ ఉన్నాయి. డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 ఉంటే గట్టి రకం పాలిథిన్. ఈ రెండూ ఆహారానికి వాడుతుంటారు. ఆ అంకె ప్లాస్టిక్ జాతిని మాత్రమే చెబుతుంది, ఆహారానికి పనికొస్తుందన్న హామీ కాదు. గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉందో లేదో కూడా చూడాలి. రంగుల డబ్బా కూడా పాలీప్రొపిలీన్ కావచ్చు, కానీ దాన్ని తిండి కోసం చేయలేదు.

వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మిత్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. పురుగుమందు డబ్బా ఎంత దృఢంగా ఉన్నా, ఎన్ని సార్లు కడిగినా ఇంట్లోకి రాకూడదు. మందు ప్లాస్టిక్ లోపలికి ఇంకుతుంది, కడిగితే పోయేది పైనున్నది మాత్రమే. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఆ నూనెను అంతకుముందు పురుగుమందు ఉంచిన డబ్బాలో పోశారని అప్పట్లో అధికారులు చెప్పారు. మోనోక్రోటోఫాస్ పేరు పత్తి, మిరప వేసే మన ఊళ్ళల్లో తెలియనిది కాదు. మన ఊళ్ళల్లో ఖాళీ డబ్బా పారేయాలంటే మనసొప్పదు. అందులో కిరోసిన్ పోస్తారు, తరువాత నీళ్ళు, ఆ తరువాత నూనె. ఈ వరుస మన ఇంట్లో ఉందేమో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. ఉంటే డబ్బాకు చిల్లులు పొడిచి పడేయండి, లేకపోతే ఇంకెవరైనా తీసుకుపోతారు.

అదే జాగ్రత్త ప్రయోగశాల సీసాలకూ వర్తిస్తుంది. గాజు మంచిదే గదా అని ఖాళీ రసాయన సీసాలను గదికి తెచ్చుకునే అలవాటు సైన్సు విద్యార్థుల్లో ఉంది. గాజు మంచిదే, అందులో ఏముండేదో మనం మరిచిపోతాం.

మన గది వరకు చూసుకుంటే వెడల్పు మూతి ఉన్న మామూలు గాజు సీసాను మించినది లేదు. కొత్తది కొనక్కరలేదు, జాము సీసా, తేనె సీసా, హార్లిక్స్ సీసా ఏదైనా సరే. ఇంటి నుంచి పచ్చడి ఏ డబ్బాలో వచ్చినా ఆ రోజే సీసాలోకి మార్చవచ్చు. అమ్మ ఇచ్చిన డబ్బాను తప్పు పట్టనక్కరలేదు, ఒక్క రోజు ప్రయాణానికి ఏమీ కాదు. సీసాను వేడినీళ్ళతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉంటే బూజు పడుతుంది. వేడినీళ్ళు ఒక్కసారిగా పోస్తే సీసా పగులుతుంది, ముందు గోరువెచ్చవి పోయండి. రేకు మూత లోపలి పూత లేచిపోతే పులుపు తగిలి తుప్పు రాలుతుంది కాబట్టి పచ్చడిని మూతికి రెండు వేళ్ళ కిందనే ఆపాలి. ఇంకా పులుస్తున్న పదార్థాన్ని, అది తరవాణి అయినా, కొంబుచా అయినా, బిగుతు మూత పెట్టి ఉంచకూడదు. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడు పుడుతుంది, దారి లేకపోతే సీసా పేలుతుంది. మూతికి పల్చటి ఉతికిన గుడ్డ కట్టి, చీమలు రాకుండా నీళ్ళ పళ్ళెంలో పెడితే సరిపోతుంది.