తుఫాను గల్ఫ్‌లోకి దిగాక

కేటీ, టెక్సస్
మంగళవారం రాత్రి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "ఇది ఏ కేటగిరీ పెద్దమ్మా? ఉండమంటావా, వెళ్లమంటావా?" అని అడిగావు. వెనక నీ రూమ్మేట్లు ముగ్గురూ మూడు రకాల వార్తలు చదువుతున్నారు. ఆ గోలలో నేను చెప్పింది నీకు సగం కూడా వినపడి ఉండదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ పిల్లలకి కూడా చదివి వినిపించు.

ముందు ఆ కేటగిరీ సంగతి. ఆ అంకె గాలికి మాత్రమే వేసిన అంకె. గంటకి 74 మైళ్లు ఉంటే ఒకటి, 157కి చేరితే ఐదు. వాన ఎంత పడుతుందో, సముద్రం ఎంత లోపలికి వస్తుందో, కరెంటు ఎన్నాళ్లు పోతుందో అందులో ఉండదు. ఈ హ్యూస్టన్ చుట్టుపక్కల వచ్చినవే చూడు. 2008 సెప్టెంబరులో గాల్వెస్టన్ దగ్గర ఒడ్డెక్కిన ఐక్ రెండో కేటగిరీ. అది బొలివార్ ద్వీపకల్పం మీద వీధులకి వీధులే లేకుండా చేసింది. 2017లో హార్వీ నాలుగో కేటగిరీగా రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్‌కి వచ్చేసరికి దానికి హరికేన్ బలమే లేదు. కానీ కదలకుండా ఇక్కడే కురిసింది. నీడర్లాండ్‌లో 60 అంగుళాలు దాటింది వాన. 2024 జూలైలో బెరిల్ ఉత్త ఒకటో కేటగిరీ. 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, చాలామందికి వారం దాటినా రాలేదు, ఆ ఎండల్లో ఏసీ లేక ఇళ్లలోనే ప్రాణాలు పోయినవాళ్లున్నారు. 2001లో వచ్చిన ఆలిసన్ అయితే అసలు హరికేనే కాదు, ఇక్కడి మెడికల్ సెంటర్ ఆసుపత్రుల్ని ముంచి వెళ్లింది. అందుకని "ఒకటే కదా" అని కాళ్లు చాపుకోవద్దు, "నాలుగట" అని వణికిపోవద్దు.

అడగాల్సిన ప్రశ్న తుఫాను గురించి కాదు, నువ్వుండే చోటు గురించి. నీ అపార్ట్‌మెంట్ క్లియర్ లేక్‌లో ఉంది. పేరుకి లేక్ కానీ అది గాల్వెస్టన్ బేలో కలిసే నీళ్లు. బేలోకి సముద్రం వస్తే మీ దగ్గరికీ వస్తుంది. కౌంటీ వాళ్లు జిప్ కోడ్‌లని బట్టి ఖాళీ చేయాల్సిన జోన్లు గీసి పెట్టారు. తీరం అంచున ఉన్నవి ముందు, తర్వాత ఏ, బీ, సీ. నీ జిప్ కోడ్ ఏ జోన్లోదో ఈ రాత్రే చూసి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. ఆ జోన్‌ని ఖాళీ చేయమన్న పూటే మీరు బయల్దేరాలి. అప్పుడు చర్చలు పెట్టుకోకండి.

ఉప్పెన గురించి నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. మీ అమ్మకి గుర్తుండే వయసు కాదు. 1977 నవంబరు 19న మేం బందర్లో ఉన్నాం. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయింది మాత్రం దివిసీమలో. మన వైపు తుఫానైనా ఇక్కడి హరికేనైనా సుడి తిరిగేది గడియారానికి ఎదురుగానే. అది వెళ్లే దారికి కుడిపక్కన గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది, ఎడమపక్కన ఒడ్డు నుంచి వెనక్కి లాగుతుంది. దివి కుడిపక్కన పడింది. పళ్లెంలో నీళ్లని ఒక పక్క నుంచి ఊదితే అవతలి అంచు మీదికి ఎక్కుతాయి చూడు, లోతు తక్కువున్న తీరంలో జరిగేది అదే. పదివేల మంది దాకా పోయారు. తర్వాత రోజుల్లో అటునుంచి వచ్చినవాళ్లలో ఒకాయన మా అరుగు మీద కూర్చున్నాడు. రాత్రంతా తాటిచెట్టుని కరుచుకుని ఉన్నాడట. ఛాతీ, మోచేతుల లోపలి వైపు చర్మం అంతా గీరుకుపోయి ఉంది. అన్నం పెడితే చేతులు మడవలేక మా అమ్మ కలిపి ముద్దలు పెట్టింది. గాలి గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఈ తీరానికీ అలాంటి కథ ఉంది. 1900 సెప్టెంబరు 8న గాల్వెస్టన్ ద్వీపం మీదికి సముద్రం 15 అడుగులకు పైగా లేచింది. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు తొమ్మిది అడుగులు లేదు. ఎనిమిది వేల మంది పోయారని అంచనా. అమెరికాలో ఇప్పటికీ అంతమందిని పొట్టన పెట్టుకున్న ప్రకృతి ఉత్పాతం మరొకటి లేదు. అక్కడి వాతావరణ కార్యాలయం అధికారి ఐజాక్ క్లైన్ అంతకు తొమ్మిదేళ్ల ముందు పత్రికలో రాశాడు, హరికేన్ వల్ల గాల్వెస్టన్‌కి పెద్ద ముప్పు ఉంటుందనుకోవడం తెలివితక్కువ అని. ఆ రాత్రి ఆయన ఇల్లు కూలి భార్య నీళ్లలో పోయింది. ఇప్పుడు నువ్వు వీకెండ్‌లో ఫోటోలు దిగే ఆ సీవాల్ 17 అడుగుల గోడ, ఆ తర్వాత కట్టిందే. గోడ వెనక ఊళ్లో చాలా భాగాన్ని జాక్‌ల మీద పైకి లేపి కింద ఇసుక నింపారు. అంత పని చేసినవాళ్లని నేను గౌరవిస్తాను కానీ, ఆ గోడ గాల్వెస్టన్‌ది. క్లియర్ లేక్‌కి గోడ లేదు.

కాబట్టి టీవీలో దారి చూసేటప్పుడు తుఫాను ఫ్రీపోర్ట్‌కో మాటగోర్డాకో పోతోందంటే "అమ్మయ్య, మన మీదికి కాదు" అనుకోకు. మీరు కుడిపక్కన పడతారు. ఆ తెల్లటి కోన్ బొమ్మ కూడా జాగ్రత్తగా చూడు. అది తుఫాను ఎంత పెద్దదో చూపించదు. కేంద్రం ఎటు పోవచ్చో చూపిస్తుంది, అదీ మూడింట రెండు వంతుల సార్లే లోపల ఉంటుంది. కోన్ బయట ఉన్నవాడికీ వాన పడుతుంది, నీళ్లొస్తాయి. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ వాళ్లు మన టైము ప్రకారం పొద్దున్న నాలుగు, పది, మళ్లీ సాయంత్రం నాలుగు, రాత్రి పదికి కొత్త ప్రకటన ఇస్తారు. తీరం దగ్గరపడితే మధ్యలో మరొకటి. ఆ వేళలకి చూసి ఫోన్ పక్కన పెట్టేయ్. మధ్యలో వాట్సాప్‌లో వచ్చే పది రోజుల ముందు మోడల్ బొమ్మలకి నిద్ర పాడు చేసుకోవద్దు.

ఇప్పుడు "వెళ్లమంటావా" అన్నదానికి. నువ్వుండే చోటు విషయంలో నా జవాబు వెళ్లమనే. మా కేటీలో ఎవరైనా అడిగితే ఉండమనే చెబుతాను. ఎందుకో రీటా తుఫాను చెబుతుంది. 2005 సెప్టెంబరు. కత్రినా న్యూ ఆర్లీన్స్‌ని ముంచి నెల కూడా కాలేదు. టీవీ నిండా ఇళ్ల కప్పుల మీద మనుషులు. రీటా గల్ఫ్‌లో ఐదో కేటగిరీకి ఎక్కేసరికి 25 లక్షల మందికి పైగా ఒకేసారి రోడ్డెక్కారు. అప్పుడు మా ఇల్లు మీ వైపే, కాబట్టి మేం వెళ్లాల్సినవాళ్లమే. కానీ మా ముందు, సముద్రం ముఖం చూడని ఉత్తరపు పేటల వాళ్లంతా డాలస్ దారి పట్టి ఉన్నారు. మామూలుగా నాలుగు గంటల ప్రయాణం చాలామందికి ఒక రోజు దాటింది. పెట్రోలు మిగల్చాలని అందరూ ఏసీలు ఆపేసి అద్దాలు దించారు. పక్క కారులో ముసలావిడ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుంది. మా దగ్గరున్న మజ్జిగ ఒక గ్లాసు ఆ కిటికీలోంచి ఇచ్చాం, కార్లు కదలడం లేదు కదా, గ్లాసు తిరిగి తీసుకోవడానికి తొందరేమీ లేదు. డాలస్ దగ్గర వృద్ధాశ్రమం వాళ్లని తీసుకెళ్తున్న బస్సుకి నిప్పంటుకుని 23 మంది పోయారు. చివరికి రీటా లూసియానా సరిహద్దు వైపు తిరిగిపోయింది. ఆ గాలికీ నీటికీ పోయినవాళ్లకంటే ఈ ప్రయాణంలో పోయినవాళ్లే ఎక్కువ.

నీళ్లు వచ్చే చోట ఉన్నవాళ్లు వెళ్లాలి, గాలి మాత్రమే వచ్చే చోట గట్టి ఇల్లున్నవాళ్లు తలుపులేసుకుని ఉండాలి. వెళ్లేవాళ్లు వందల మైళ్లు పోనక్కర్లేదు, నీళ్లు రాని మొదటి చోట ఆగితే చాలు. అందుకే డాలస్‌లో అన్నయ్య దగ్గరికి కాదు, మా ఇంటికి రండి. మా ఇల్లు మాత్రం మునగదా అంటావేమో. హార్వీలో బార్కర్ రిజర్వాయర్ వెనక వీధుల్లోకి నీళ్లొచ్చిన మాట నిజమే. ఆ ఇళ్లు నీళ్లు నిలవడానికి వదిలిన నేలలోనే కట్టారు, కొన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మీ పెదనాన్న ఈ ఇల్లు కొనేముందు వంటింట్లో గ్రానైట్ చూడలేదు, ఆ నీళ్లు నిలిచే నేలల మ్యాపు చూశారు.

ఎప్పుడు బయల్దేరాలి? వాచ్ అంటే గాలి మొదలవడానికి 48 గంటల ముందు ఇచ్చేది, వార్నింగ్ 36 గంటల ముందుది. వాచ్ వచ్చేసరికి కారులో పెట్రోలు నిండుగా, బ్యాగు గుమ్మం దగ్గర ఉండాలి. గాలి పెరిగాక వెళ్దాంలే అనుకోకండి. ఐక్ అప్పుడు తుఫాను శనివారం తెల్లవారుజామున ఒడ్డెక్కితే, బొలివార్‌లో శుక్రవారం పగలే ఉన్న ఒక్క రోడ్డునీ నీళ్లు కప్పేశాయి. ఆ మధ్యాహ్నం వెళ్దామనుకున్నవాళ్లు అక్కడే ఇరుక్కున్నారు. వచ్చే దారిలో ఎక్కడైనా రోడ్డు మీద నీళ్లు కనిపిస్తే వెనక్కి తిప్పండి. అడుగు ఎత్తు పారే నీళ్లు చిన్న కారుని కొట్టుకుపోతాయి, రెండడుగులైతే ఎస్‌యూవీని కూడా.

బ్యాగులో ఏముండాలో నీకు తెలుసు, అయినా చెబుతాను. పాస్‌పోర్టు, ఐ-20, ఒరిజినల్ సర్టిఫికెట్లు జిప్ కవర్లో. వాటి ఫోటోలు తీసి మీ నాన్నకి పంపు. కొంచెం నగదు ఉంచుకో, కరెంటు లేకపోతే కార్డు మిషను పనిచేయదు, పెట్రోలు బంకూ పనిచేయదు. మీ అద్దె ఇంటి ఇన్సూరెన్సు వరద నష్టం ఇవ్వదు. వరదకి విడిగా తీసుకునే పాలసీకి 30 రోజులు ఆగాలి, కాబట్టి ఈసారికి ఆ దారి లేదు. ల్యాప్‌టాప్ తెచ్చుకో, మిగతావి పై అరల్లో పెట్టు. గది ఫోటోలు తీసి ఉంచు. కిటికీలకి టేపు అంటించి టైము వేస్టు చేయకండి, దానివల్ల అద్దం ఆగదు, పెద్ద పెద్ద ముక్కలై పడుతుంది. ఒక చిన్న పని మాత్రం చేయి. గ్లాసులో నీళ్లు గడ్డ కట్టించి పైన ఒక క్వార్టర్ బిళ్ల పెట్టి ఫ్రీజర్లో ఉంచు. తిరిగి వెళ్లాక ఆ బిళ్ల లోపలికి దిగి ఉంటే మధ్యలో కరెంటు పోయి అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. మొహమాటం లేకుండా లోపలున్నదంతా పారేయండి.

నీ రూమ్మేట్ ఇరవై పౌన్ల సోనా మసూరి కొని తెచ్చిందని నవ్వుకుంటూ చెప్పావు. మీ స్టవ్ కరెంటుది. కరెంటు పోతే ఆ బియ్యం నానబెట్టుకుని తినాలి. అటుకులు, వేరుశనగలు, బ్రెడ్డు, అరటిపళ్లు, ఆవకాయ ఉంటే రోజులు గడుస్తాయి. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు లెక్క. ఈ మాట మీకంటే, కదలకుండా ఉండే మా వీధివాళ్లకే ఎక్కువ అవసరం. ఇక్కడ మేం టబ్బు నింపేది తాగడానికి కాదు, బాత్రూములో పోసుకోవడానికి. మీ పెదనాన్న ముందు దాని మూత కింద ప్లాస్టిక్ షీటు పరుస్తారు, లేకపోతే తెల్లారేసరికి సగం కారిపోతుంది.

తుఫాను వెళ్లాక కూడా తొందరపడి వెనక్కి పరిగెత్తొద్దు. ఐక్ తర్వాతా బెరిల్ తర్వాతా జనరేటర్ పొగకి మనుషులు పోయారు. ఆ పొగలోని విషవాయువుకి వాసన ఉండదు. జనరేటర్‌ని ఇంటికి 20 అడుగుల దూరంలో పెట్టాలి, గరాజ్ తలుపు తీసి ఉంచాం కదా అంటే కుదరదు. బొగ్గుల గ్రిల్ మీద ఇంట్లో ఇడ్లీ వేద్దామన్న తెలివి ఎవరికైనా వస్తే నువ్వు అడ్డుపడు.

మీ అమ్మతో నేను మాట్లాడాను. అక్కడ మన చానళ్లలో అప్పుడే "అమెరికాని వణికిస్తున్న" అని మొదలైంది. బయల్దేరేముందు ఒక మెసేజ్, ఇక్కడికి చేరాక ఒకటి పెట్టు. కాల్స్ కలవకపోయినా మెసేజ్ వెళ్తుంది. మధ్యలో ఏమన్నా ఉంటే డాలస్ అన్నయ్యకి చెప్పు, వాడు ఇండియాకి చెబుతాడు. అందరూ నీకు ఫోన్ చేసి నీ బ్యాటరీ అయిపోగొట్టకుండా ఆ ఏర్పాటు చేశాను.

నలుగురూ ఒకే కారులో రండి. రెండో కారుని కింద ఖాళీ స్థలంలో వదలొద్దు, ఏదైనా పార్కింగ్ గరాజ్‌లో పై అంతస్తులో పెట్టించు. హాల్లో పరుపులు వేస్తాం. పిల్లి ఉందన్నావు కదా, దాన్నీ తీసుకురా, షెల్టర్లలో అన్నిచోట్లా రానివ్వరు. దాని తిండి, ఆ మట్టి డబ్బా మీరే తెచ్చుకోండి. మా ఇంట్లో దానికి పెట్టడానికి పెరుగన్నం తప్ప ఏమీ లేదు.

మీ పెద్దమ్మ