మే నెల దాటిన మొక్కలు

శావల్యాపురంలో సాగర్ కుడి కాలువ నీళ్లతో పత్తి, మిర్చి పండిస్తూ ముసలివాణ్ణయ్యాను. పర్యావరణం గురించి నాలుగు మాటలు చెప్పమని మా గుడి యువజనులు అడిగారు. చదివి తెలుసుకున్నది తక్కువ. చేసి, చెడి తెలుసుకున్నవే ఇవి.

1. మొక్క నాటిన రోజు లెక్కలోకి రాదు. 2015లో జగద్గురువులు ఫ్రాన్సిస్ వారు ‘లౌదాతో సీ’ లేఖ వెలువరించి, సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా పెట్టారు. ఆ రోజు మొదలు అక్టోబరు 4, అస్సీసి ఫ్రాన్సిస్ వారి పండుగ దాకా సృష్టికాలం. మేమూ పాటలు పాడుకుంటూ గుడి చుట్టూ మొక్కలు పెట్టాం. రెంటచింతల ఎండలు రోజూ వార్తల్లో వినబడే మే నెల దాటేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మరుసటేడు తక్కువ పెట్టాం, అవీ వేప, కానుగ. ఒక్కో మొక్క ఒక్కో ఇంటివాళ్లది. ఆదివారం పూజకు బైబిలుతో పాటు బిందె కూడా రావాలన్నాం.

2. పురుగుమందు కొట్టించడం కూడా పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన సంగతే. 1987లో పత్తి మీద తెల్లదోమ పడింది. అప్పులు తెచ్చి మందు మీద మందు కొట్టించాం. కొట్టినకొద్దీ దోమ పెరిగింది. దాన్ని తినే మంచి పురుగుల్ని కూడా మేమే చంపామని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ ఏడే నా చేలో మందు కొడుతున్న కూలీ గట్టు మీద కూలబడ్డాడు. మూతికి గుడ్డ లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. నేను ఇవ్వలేదు. ఆదివారం నా పక్కనే మోకరిల్లి సత్ప్రసాదం తీసుకునే మనిషి. బతికాడు గాని, తరవాత ఎప్పుడూ ఆయాసమే. ఆ సాయంత్రం నేను కూర్చుని రాసుకున్నది మందు ఖర్చు.

నేల మొర, పేదవాడి మొర కలిపి వినమంటుంది ‘లౌదాతో సీ’ లేఖ. దాని మీద ప్రసంగం విన్నాకే నేను చేసింది పాపమని తోచింది. గురువుగారి దగ్గర చెప్పుకోవడం తేలికే అయింది. ఆ కూలీ గడప ఎక్కి క్షమించమనడానికి మాత్రం కాళ్లు రాలేదు. చాలా రోజులకు వెళ్లాను. మంచం వాల్చి కూర్చోమన్నాడు.

3. పురుగుమందుకు బదులు కొట్టడానికి వేపగింజలు రాలే రోజుల్లో ఏరిపెట్టుకోండి. 5 కిలోల గింజల పప్పు దంచి, మూటకట్టి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల నీళ్లలో కలపాలి. కాస్త సబ్బుపొడి వేసి సాయంత్రమే కొట్టాలి. ఎండకు దాని సత్తువ పోతుంది. ఇదొక్కటే గట్టెక్కిస్తుందని చెప్పను. 2021లో మిర్చి మీద నల్ల తామరపురుగు వచ్చినప్పుడు ఖరీదైన మందులే చేతులెత్తేశాయి. చేను చుట్టూ జొన్న వరుసలు, నీలిరంగు జిగురు అట్టలు, మధ్యమధ్య బంతి, ఇవన్నీ కలిస్తేనే ఎంతో కొంత.

4. విభూది బుధవారం మన నుదుట పెట్టేది కిందటేటి మ్రానికొమ్మల బూడిద. ఆ రోజుల్లోనే మన చేలల్లో పత్తికట్టె తగలబెట్టిన పొగ గుడిలోకి వస్తుంది. తగలబెట్టకండి నాయనా, ముక్కలు కొట్టించి నేలలో కలపండి.

5. నవంబరు 2న, ఆత్మల పండుగకు, సమాధుల మీద ప్లాస్టిక్ దండలు వద్దు. వానకు కొట్టుకొచ్చి మళ్లీ మన చేలలోనే పడతాయి. ఆ కూలీ పోయి మూడేళ్లయింది. మొన్న అతని సమాధి మీద నా మిర్చిచేలో పూసిన బంతిపూలు పెట్టి వచ్చాను.