షిఫ్టు మారాక చదివేవాడి కోసం

విశాఖలోని గాజువాక చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మూడు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లంతా రాతగాళ్లే. ఎ షిఫ్టు లాగ్ బుక్కులో రాసింది బి షిఫ్టు చదువుతుంది. రాసినవాడు అప్పటికి బస్సెక్కి కూర్మన్నపాలెం దాటేసి ఉంటాడు, అడుగుదామంటే దొరకడు. కొత్తగా చేరే పిల్లలకి ఈ ఆరు మాటలు.

1. "చేసి" తరవాత "లేదు" వస్తే జాగ్రత్త. "గ్యాసు చూసి లోపలికి వెళ్లలేదు" అని రాశారనుకోండి. గ్యాసు ఉందని గమనించి వెళ్లడం మానేశారా? చూసుకోకుండానే వెళ్లిపోయారా? రెండర్థాలూ వస్తాయి. నోటితో చెప్పేటప్పుడు "చూసి" దగ్గర కాస్త ఆగుతాం కాబట్టి తేడా తెలిసిపోతుంది. కాగితం మీద ఆ పని కామా చెయ్యాలి. అయినా నాకు కామా మీద అంత నమ్మకం లేదు. గ్రీజు చేతులతో తిప్పే పేజీల్లో అది మరకలో కలిసిపోతుంది. అందుకని వాక్యాన్ని రెండుగా విరిచేయండి: "గ్యాసు చూశాం. 60 పీపీఎం ఉంది. లోపలికి వెళ్లలేదు." బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. రాత్రి రెండింటికి దాన్ని పట్టిచ్చేవి మీటరూ, మీ రాతా.

2. విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కామాలు తీసేసి చూడండి, ఎవరో ఆవిడ పూర్తి పేరులా లేదూ? జాబితాలో ఒక్క కామా లోపిస్తే ఎంత దూరం వెళ్తుందో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓ పాల కంపెనీకి తెలిసొచ్చింది. ఓవర్‌టైమ్ ఇవ్వనక్కర్లేని పనుల వరసలో, చివరి పని ముందు చట్టం కామా పెట్టలేదు. సరుకు పంపిణీ విడి పనా, ప్యాకింగులో భాగమా అన్నది తేలలేదు. 2017లో అప్పీలు కోర్టు లారీ డ్రైవర్ల వైపు మొగ్గింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకి రాజీపడింది. తెలుగులో ఒక వెసులుబాటుంది. గోదావరీ, కృష్ణా, అన్నపూర్ణా అని దీర్ఘాలు తీస్తే, కామా చెరిగినా లెక్క చెరగదు.

3. "ఫిట్టర్/ఎలక్ట్రీషియన్ రావాలి" అని రాస్తే ఎవరూ రారు. ఆ గీత చూసి ఇతను అతనొస్తాడనుకుంటాడు, అతను ఇతనొస్తాడనుకుంటాడు. ఇద్దరూ కావాలంటే "ఇద్దరూ" అనే రాయండి. తేదీలోనూ అదే గీత గొడవ: 04/05 మనకి మే 4, అమెరికా వాళ్లకి ఏప్రిల్ 5. నెల పేరు అక్షరాల్లో రాస్తే పోయేదేముంది?

4. పోర్టు కాగితాలు చూసేవాళ్లకి మాత్రం అంకెల్లోని కామా, చుక్కలే అసలు పరీక్ష. మనం లక్షన్నరని 1,50,000 అంటాం, బయటి దేశాల వాళ్లు చాలామంది 150,000 అంటారు. అక్కడితో అయిపోలేదు. జర్మనీ, ఇటలీల్లో వేలని విడదీసేది చుక్క, దశాంశానికి వాడేది కామా. అక్కణ్ణుంచి వచ్చిన కాగితంలో 75.500 టన్నులంటే డెబ్బై అయిదు వేల అయిదు వందలు. మన గుమాస్తా డెబ్బై అయిదున్నర అనుకుంటే ఆశ్చర్యం లేదు. అనుమానమొస్తే పక్కన అక్షరాల్లో కూడా రాయమని అడగండి, చెక్కు మీద రాయడం లేదా ఏటి? ఇంకోటి: .5 అని ఎప్పుడూ రాయకండి. చుక్క చెరిగితే అది 5 అయి కూర్చుంటుంది. ముందు సున్నా ఉంటే చదివేవాడు ఆగి చూస్తాడు.

5. "తాటాకుల మీద పోతన కామాలు పెట్టాడా?" అని వాదించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. పెట్టి ఉండడు. పద్యాన్ని నడిపించడానికి ఛందస్సు ఉంది. లాగ్ బుక్కుకి ఛందస్సు లేదు.

6. "అర్జెంట్!!!" అని రోజూ వాట్సాప్‌లో పెట్టేవాడి మెసేజ్ చివరాఖర్న తెరుస్తారు. అంతకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినవి "పని అయింది..." లోని మూడు చుక్కలు. అవి కనపడితే నేను వెంటనే ఫోన్ చేసేవాణ్ణి: "బాబూ, మిగిలిందేటి?" నూటికి తొంభైసార్లు ఏదో ఒకటి మిగిలే ఉండేది.