కలలో ఆఫీసు గొడవ

కలలో ఆఫీసులో పెద్ద గొడవ. గొంతు పోయేలా అరిచావు. మెలకువ వచ్చాకా గుండె దడ తగ్గలేదు. పొద్దున పక్క సీటామె ఎప్పట్లాగే “టిఫినయిందా?” అనడిగితే, రాత్రి కలలో తిట్టింది తనే కదా, మొహం చూడబుద్ధి కాలేదు. ఇలా అయిందా చెల్లీ ఎప్పుడైనా? అయితే ముందు ఈ మాట విను. ఆవిడ మీద అనుమానం పెంచుకోవద్దు.

తెల్లవారుజాము కల నిజమవుతుందని మన ఇళ్ళల్లో అంటారు. అసలు సంగతి వేరు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే నిద్ర ఒకటుందని 1953లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ బయటపెట్టారు. స్పష్టమైన కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. సుమారు 90 నిమిషాలకోసారి వచ్చే ఆ దశ, తెల్లవారేకొద్దీ సాగుతుంది. తెల్లవారుజాము కలలు బాగా గుర్తుండేది అందుకే. ఆ వేళ మెదడులో భయాన్నీ కోపాన్నీ రేపే భాగం చురుగ్గా ఉంటుంది, ఆచితూచి అడుగేయించే భాగం మందగిస్తుంది. పగలు మేనేజరు ముందు నోరు మెదపని నువ్వు, కలలో ఫైలు విసిరికొట్టావంటే ఆశ్చర్యమేముంది?

మన పాతకాలపు ఆయుర్వేద వైద్యుడు చరకుడు కలల్ని ఏడు రకాలుగా విడదీశాడు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, ఈ అయిదింటికీ ఫలం ఉండదని తేల్చాడు. ఆఫీసు కలలు దాదాపు అన్నీ ఈ అయిదింట్లోనే పడతాయని నా నమ్మకం.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన డాక్టరు ఫ్రాయిడ్ కల ఒకటి చెప్తాను, అదీ తోటి డాక్టరుతో పేచీయే. 1895 జూలైలో, వియన్నా దగ్గర. ఇర్మా అని ఆయన పేరు పెట్టిన ఒక రోగి ఉండేది. ఆమెను చూసొచ్చిన డాక్టరు స్నేహితుడు (కలల మీద ఫ్రాయిడ్ రాసిన పుస్తకంలో అతని పేరు ఒట్టో) “నయమే గానీ పూర్తిగా కోలుకోలేదు” అన్నాడు. ఆ మాట తన వైద్యాన్ని తప్పుపట్టినట్టు వినపడింది ఫ్రాయిడ్‌కి. పైకి ఏమీ అనలేదు. ఆ సాయంత్రం కూర్చుని, పెద్ద డాక్టరు ఒకాయనకు చూపించి తన తప్పు లేదనిపించుకోవడానికి ఇర్మా కేసంతా రాశాడు. ఆ రాత్రే కల. పెద్ద హాలు, అతిథులు, నొప్పులని బాధపడుతున్న ఇర్మా. డాక్టర్లందరూ చేరి చూశారు. చివరికి తప్పెవరిదని తేలింది? ఒట్టోదే! అతనిచ్చిన ఇంజెక్షను, బహుశా సూది శుభ్రంగా లేదు.

ప్రతి కలలోనూ తీరని కోరికే తీరుతుందని ఆయనంటే నేను ఒప్పుకోను. కానీ ఇక్కడ దారి మాత్రం కచ్చితంగా చూపించాడు. ఒట్టో నిజంగా ఎలాంటివాడో ఆ కల చెప్పలేదు. ఫ్రాయిడ్‌కి ఆ సాయంత్రం ఎక్కడ గుచ్చుకుందో చెప్పింది.

కాబట్టి లేవగానే “కలలో ఎవరొచ్చారు?” అని కాదు, “నాకెలా అనిపించింది? నిన్న ఏ మాట మింగేశాను?” అని అడుగు. అరవబోతే గొంతు రాని కలైతే, మీటింగులో నీ మాట మధ్యలో తుంచేసిన సంగతి గుర్తు చేసుకో. నీ పని వేరొకరు తమదని చెప్పుకుంటున్న కలైతే, ఈసారి మెయిల్‌లో నీ పేరు ఉండేలా చూసుకో. ప్రాణస్నేహితురాలితో కొట్లాట కల వచ్చిందని మాత్రం తనకి దూరం జరగకు. అలసటకీ, ఇంట్లో చిరాకుకీ కల తన మొహం తగిలించి ఉండొచ్చు.

అదే పీడకల పదేపదే వస్తుంటే, మెలకువలో దాని ముగింపు మార్చి రాసుకో. అలా మార్చిన కలని రోజూ కాసేపు మనసులో నడిపించుకో. మానసిక వైద్యులు వాడే పద్ధతే ఇది. నిద్రే కరువైతే వాళ్ళ దగ్గరికి వెళ్ళు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక కలలో భయపెట్టేవాడు పగలూ భయపెడుతుంటే, చేతులు వేస్తుంటే, వెకిలి మాటలంటుంటే, అది కల సంగతి కాదు చెల్లీ. పనిచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న చోటైతే జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి. తేదీలు, మెసేజీలు ఇప్పటినుంచే దాచుకో. ఒంటరిగా రాయలేకపోతే నమ్మకమైనవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని రాయి.