వేగానికి హద్దు

1865వ సంవత్సరంలో బ్రిటిష్ పార్లమెంటు ఒక విచిత్రమైన చట్టాన్ని ఆమోదించింది. ఆవిరి యంత్రంతో తనంతట తాను కదిలే బండి రహదారి మీదికి వచ్చినప్పుడు, దానికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలి. ఊరి వెలుపల గంటకు నాలుగు మైళ్లు, ఊరిలో రెండు మైళ్లు మించి ఆ బండి పోరాదు. ఊరిలోనైతే మనిషి మామూలుగా నడిచే వేగమే అంతకంటె ఎక్కువ! దీనికి జనం వాడుకలో ఎర్రజెండా చట్టమని పేరు వచ్చింది. 1896 జనవరిలో కెంట్ జిల్లాలోని ఒక గ్రామం మీదుగా ఒక మోటారు బండి ఎనిమిది మైళ్ల వేగంతో సాగిపోయింది. అక్కడి పోలీసు సైకిలెక్కి అయిదు మైళ్లు వెంబడించి ఆ చోదకుణ్ణి పట్టుకున్నాడు. అతివేగానికి న్యాయస్థానం విధించిన జరిమానా ఒక్క షిల్లింగు. అదే సంవత్సరం చివర ఆ పాత కట్టుబాటు తొలగి, పరిమితి పద్నాలుగు మైళ్లకు పెరిగింది.

ఈ ఉదంతం ఇప్పుడు నవ్వు తెప్పిస్తుంది. కాని ఆ గ్రామవీథిలో తలెత్తిన ప్రశ్న నేటికీ సమసిపోలేదు. బండి ఎంత వేగంతో పోవాలో నిర్ణయించవలసినవారెవరు? దారిని కళ్లారా చూస్తూ స్టీరింగు పట్టుకొన్న చోదకుడా, లేక ఎక్కడో కూర్చుని పలక మీద ఒక అంకె రాయించిన ప్రభుత్వమా?

బ్రిటన్‌లో ఈ వివాదం ఒక్కొక్కప్పుడు వినోదంగానూ సాగింది. 1903లో పరిమితి ఇరవై మైళ్లయింది. పోలీసులు దారి పక్క పొదల చాటున మాటువేసి, రెండు గుర్తుల మధ్య దూరాన్ని ఎంత కాలంలో బండి దాటుతున్నదో గడియారంతో లెక్కగట్టేవారు. వారి బారినుంచి తమవారిని కాపాడుకోవటానికి చోదకులు 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించుకొన్నారు. ఆ సంఘం కావలివాండ్రు సైకిళ్ల మీద తిరుగుతూ ముందున్న మాటును గురించి హెచ్చరించేవారు. అతివేగంతో వచ్చే చోదకుణ్ణి అట్లా హెచ్చరించటం పోలీసుల విధికి ఆటంకం కలిగించటమేనని 1910లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అప్పుడు సంఘం మరొక ఉపాయం పన్నింది. సంఘం బిళ్ల తగిలించుకొన్న ప్రతి బండికీ కావలివాడు సలాము చేస్తాడు. ఎప్పుడైనా సలాము చేయకపోతే చోదకుడు బండి ఆపి కారణమడగాలి. సలాము చేయనందుకు ఎవరినైనా ఏ చట్టం కింద శిక్షించగలరు?

ఇరవై మైళ్ల పరిమితిని పాటించేవారు నానాటికీ తగ్గిపోయారు. ఎవరూ పాటించని నిబంధన చట్టానికే అగౌరవం తెస్తుందన్న వాదం బలపడి, 1930లో బ్రిటిష్ పార్లమెంటు మామూలు కార్లకు వేగపరిమితిని పూర్తిగా ఎత్తివేసింది. చోదకుడి విచక్షణకే సర్వం వదిలిన కాలమది. 1934లో ఆ దేశపు రోడ్ల మీద 7,343 మంది మరణించారు. నేటితో పోలిస్తే అప్పటి వాహనాల సంఖ్య స్వల్పమన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1935 మార్చి 18 నుంచి జనావాసాలలో ముప్పై మైళ్ల పరిమితి అమలులోకి వచ్చింది.

ఇదే ప్రయోగం అరవై ఏళ్ల తరువాత అమెరికాలో మరింత ఆసక్తికరంగా జరిగింది. మోంటానా ఆ దేశపు వాయవ్య భాగంలోని పర్వతప్రాంతపు రాష్ట్రం. వైశాల్యంలో అది ఒకనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటె పెద్దది. జనాభా మాత్రం అప్పట్లో తొమ్మిది లక్షలకు మించలేదు. బాణంలా సాగిపోయే రోడ్లు, కనుచూపు మేర గడ్డిమైదానాలు, గంటకొకటిగా ఎదురుపడే వాహనాలు. అటువంటి చోట పగటివేళ ఇంత వేగమనే అంకె పెట్టటం అక్కడి ప్రజలకు అనవసరంగా తోచేది. 1974లో చమురు కొరత కారణంగా అమెరికా కేంద్ర ప్రభుత్వం దేశమంతటా గంటకు 55 మైళ్ల, అంటే సుమారు 88 కిలోమీటర్ల పరిమితి విధించింది. కేంద్రం నిధులు ఆపివేస్తుందన్న భయంతో మోంటానా తలవంచింది గాని మనస్ఫూర్తిగా కాదు. పగటిపూట ఆ పరిమితి దాటినవారికి అక్కడ వేసిన జరిమానా అయిదు డాలర్లు మాత్రమే. పైగా అది అతివేగ నేరం కింద కాదు, ఇంధనాన్ని వృథా చేసిన తప్పు కింద లెక్క.

1995 చివర కేంద్ర పరిమితి రద్దయింది. మోంటానా వెంటనే తన పాత నిబంధనను పునరుద్ధరించుకొన్నది. దాని ప్రకారం పగటివేళ కార్లకు అంకె ఏదీ ఉండదు. రోడ్డు స్థితి, వాతావరణం, రద్దీ, వాహనం బ్రేకుల పటుత్వం మొదలైనవాటిని గమనించి, చోదకుడు సముచితమూ వివేకవంతమూ అయిన వేగంతో నడపాలి. చదవటానికి ఎంతో హుందాగా కనిపించే నిబంధన ఇది. పౌరుణ్ణి పెద్దమనిషిగా భావించి మాట్లాడినట్లున్నది.

1996 మార్చిలో ఒక పోలీసు అధికారి గంటకు 85 మైళ్ల వేగంతో పోతున్న కారును కొన్ని మైళ్లు వెంబడించి ఆపాడు. రోడ్డు పొడిగా ఉన్నది. కారు కొత్తది, దాని బ్రేకులలోగాని టైర్లలోగాని లోపం లేదు. చోదకుడు ఎవరినీ ఢీకొనలేదు. అయినా మలుపులూ మిట్టపల్లాలూ గల ఆ దారిలో అంత వేగం తగదని అధికారి అభిప్రాయపడ్డాడు. తగినదేనని చోదకుడి వాదన. వ్యాజ్యం రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం దాకా పోయింది. ఏ వేగం దాటితే నేరమవుతుందో అక్కడ ప్రభుత్వపక్షం కూడా స్పష్టంగా చెప్పలేకపోయింది. 1998 డిసెంబరులో న్యాయస్థానం ఆ నిబంధన అస్పష్టమైనదని కొట్టివేసింది. ఒక పని నేరమో కాదో అది చేయకముందే పౌరుడికి తెలిసే వీలుండాలి. ఒక్కొక్క పోలీసు అధికారి మనసును బట్టి నేరం మారరాదు. ఇదీ తీర్పులోని సారాంశం. ధర్మాసనం ఏకాభిప్రాయానికి రాలేదు. నలుగురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపు నిలిచారు. మరి కొన్ని నెలలు పగటివేళ ఏ పరిమితీ లేకుండా గడిచిన పిమ్మట, 1999 మే నెలలో ఆ రాష్ట్రం తన ప్రధాన రహదారులకు 75 మైళ్ల పరిమితిని నిర్ణయించింది.

ఈ తీర్పులో ఒక సూక్ష్మం ఉన్నది. చోదకుడి విచక్షణ పనికిరాదని న్యాయస్థానం అనలేదు. ఆ విచక్షణను తూచటానికి పోలీసు చేతిలో తగిన తూనిక లేదని మాత్రమే అన్నది. పలక మీది అంకె చోదకుడికి సంకెల వంటిదని అనుకోవటం పరిపాటి. మోంటానా వ్యాజ్యంలో మాత్రం ఆ అంకె లేకపోవటం వల్లనే పౌరుడు అధికారి ఇష్టాయిష్టాలకు లోనయ్యాడు.

ఇక చోదకుడి అంచనా ఎంత నమ్మదగినదో చూడాలి. చాలాసేపు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ప్రయాణించినవాడికి అరవై కిలోమీటర్ల వేగం నత్తనడకలా తోస్తుంది. కన్ను ఆ వేగానికి అలవాటుపడటమే అందుకు కారణం. ప్రధాన రహదారి నుంచి ఊరిలోకి మలుపు తిరిగే చోట ఈ భ్రాంతి ప్రమాదకరమవుతుంది. ఆత్మవిశ్వాసమూ అటువంటిదే. స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఓలా స్వెన్సన్ 1981లో ప్రకటించిన అధ్యయనంలో, తోటివారితో పోల్చుకొని తమ చోదక నైపుణ్యాన్ని అంచనా వేసుకోవలసిందిగా విద్యార్థులను అడిగాడు. అమెరికా విద్యార్థులలో నూటికి 93 మంది తాము పైసగంలో ఉన్నామని చెప్పుకొన్నారు. పైసగంలో యాభైమందికే చోటుంటుందన్నది గణితం!

కాలం కలిసివస్తుందన్న ఊహ కూడా లెక్కకు నిలవదు. పది కిలోమీటర్ల దూరాన్ని గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దాటటానికి పదిహేను నిమిషాలు పడుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో పన్నెండు నిమిషాలు చాలు. అంటే మూడు నిమిషాల ఆదా. అదే దూరంలో 80 నుంచి 90కి పెంచితే మిగిలేది యాభై సెకండ్లు మాత్రమే. ప్రమాదం మాత్రం ఇందుకు విరుద్ధంగా పెరుగుతుంది. చలనంలో ఉన్న వస్తువు శక్తి దాని వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుందని భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు తెలుసు. ఆ సూత్రం రోడ్డు మీద ఎట్లా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చాలు. పక్కపక్కన రెండు కార్లు పోతున్నాయి. ఒకటి గంటకు 50, మరొకటి 60 కిలోమీటర్ల వేగంతో. వాటి ముందు ఒక పిల్లవాడు రోడ్డు మీదికి పరుగెత్తుకొని వచ్చాడు. చోదకులిద్దరూ ఒకే క్షణంలో చూశారు. ఒక సెకండులో తేరుకొని సమానమైన బలంతో బ్రేకు వేశారు. మొదటి కారు ఇరవై ఎనిమిది మీటర్లలోపు, పిల్లవాడికి వెంట్రుకవాసిలో ఆగిందనుకొందాం. రెండవ కారు అదే చోటికి వచ్చేసరికి దాని వేగం ఇంకా సుమారు 40 కిలోమీటర్లు ఉంటుంది. పది కిలోమీటర్ల తేడా నలభై కిలోమీటర్ల దెబ్బగా మారింది. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటకు మూలం ఇక్కడే ఉన్నది.

చోదకుల విచక్షణకు శాస్త్రీయమైన గౌరవమిచ్చిన పద్ధతి కూడా ఒకటి ఉన్నది. అమెరికా ఇంజనీర్లు ఒక రోడ్డు మీద స్వేచ్ఛగా పోతున్న వాహనాల వేగాలను కొలిచి, నూటికి ఎనభై అయిదుమంది ఏ వేగాన్ని దాటటం లేదో దాని సమీపంలోనే పరిమితిని నిర్ణయిస్తూ వచ్చారు. అధిక సంఖ్యాకులు తెలివిగలవారేనన్న విశ్వాసం దీనికి పునాది. వాహనాల మధ్య వేగంలో వ్యత్యాసం తగ్గితే ప్రమాదాలూ తగ్గుతాయన్న వాదం దీనికి తోడు. ఇది తీసివేయదగిన వాదం కాదు. అయితే ఈ లెక్కలో ఒక లోపమున్నది. ఓటు హక్కు వాహనం నడిపేవారికే దక్కింది. రోడ్డు దాటే ముసలివారికి, బడిపిల్లలకు, సైకిలు మీద పోయే కూలీకి ఆ ఎనభై అయిదుమందిలో స్థానం లేదు.

భారతదేశపు 1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండు మార్గాలనూ అవలంబించింది. 112వ విభాగం ప్రకారం ప్రభుత్వం అంకె రూపంలో పరిమితి నిర్ణయిస్తుంది. దానిని దాటితే 183వ విభాగం కింద శిక్ష. అంకెను దాటకపోయినా, ఆ చోటినీ రద్దీనీ బట్టి ప్రమాదకరంగా నడిపితే 184వ విభాగం వర్తిస్తుంది. మోంటానా న్యాయమూర్తులు లేవనెత్తిన ఆక్షేపణకు కూడా ఇందులో సమాధానం ఉన్నది. యంత్ర సాధనంతో కొలవకుండా, అతివేగంగా పోయాడని ఒక్క సాక్షి తన అభిప్రాయం చెప్పినంత మాత్రాన 183వ విభాగం కింద ఎవరినీ శిక్షించరాదు. తొలిసారి తప్పు చేసినవారికి ఒకప్పుడు నాలుగు వందల రూపాయల వరకు ఉన్న జరిమానాను 2019 సవరణ తేలికపాటి వాహనాలకు వెయ్యి నుంచి రెండు వేలకు పెంచింది. మైనరు చేతికి బండి ఇచ్చిన సంరక్షకుడికి ఇరవై అయిదు వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు కారాగార శిక్ష విధించే నిబంధన కూడా ఆ సవరణతో వచ్చినదే. పద్దెనిమిదేళ్లు నిండకుండానే గేర్లున్న మోటారుసైకిలు మీద కళాశాలకు వచ్చే విద్యార్థుల తల్లిదండ్రులలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. అందులో నూటికి 71 మరణాలకు అతివేగమే కారణమని నమోదయింది. ఈ అంకెను కొంత జాగ్రత్తగా చదవాలి. ప్రమాదం జరిగిన తరువాత వచ్చిన పోలీసు రాసే కారణమిది. పరికరంతో కొలిచినది కాదు. అతివేగంగా, అజాగ్రత్తగా నడిపాడన్న వాక్యం ఫిర్యాదు పత్రాలలో ఒక ఆనవాయితీగా స్థిరపడిపోయింది. గుంతపడిన రోడ్డు, వెలగని వీధిదీపం, దారి మధ్య నిలిచిన లారీ ఆ వాక్యం వెనుక మరుగున పడిపోయే అవకాశముంది.

కొలిచే యంత్రం చరిత్ర మరీ చిత్రమైనది. రోడ్డు పక్కన నిలిచి అతివేగాన్ని ఫొటో తీసే కెమెరాకు ఆద్యుడు హాలెండు దేశస్థుడు మారిస్ గాట్సోనీడిస్. ఆయన పందెపు చోదకుడు, 1953 మోంటీకార్లో ర్యాలీ విజేత. మలుపుల దగ్గర తన వేగాన్ని కచ్చితంగా తెలుసుకొని ఇంకా వేగంగా నడపటానికే ఆయన ఆ సాధనాన్ని రూపొందించుకొన్నాడు! ఇటువంటి కెమెరా కనిపించిన చోట చోదకులు బ్రేకు వేసి, దాటగానే మళ్లీ వేగం పెంచుతారు. అందుకే కొన్ని దేశాలు రెండు చోట్ల కెమెరాలు అమర్చి, వాటి మధ్య ప్రయాణకాలాన్ని బట్టి సగటు వేగాన్ని లెక్కిస్తున్నాయి. పొదల చాటున గడియారంతో కూర్చున్న ఆనాటి బ్రిటిష్ పోలీసు పద్ధతే ఇది.

శిక్ష ఎంత పెద్దదన్న దానికంటె ఎంత నిశ్చయమన్నది ముఖ్యం. తెలంగాణలో పేరుకుపోయిన చలానాల వసూలు కోసం 2022 మార్చిలోనూ, 2023 డిసెంబరులోనూ భారీ రాయితీలు ప్రకటించారు. రెండవసారి ద్విచక్ర వాహనాలకు ఎనభై శాతం తగ్గింపు లభించింది. బకాయిలు వసూలయ్యాయి, కాని వెంటనే కట్టినవాడు నష్టపోయి, కట్టకుండా ఎదురుచూసినవాడు లాభపడ్డాడు. మోంటానా అయిదు డాలర్ల జరిమానాకూ దీనికీ దూరం ఎక్కువ లేదు.

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల మేర ఉన్న ఔటర్ రింగు రోడ్డు మీద కార్ల వేగపరిమితిని 2023లో వంద నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ రోడ్డు మీదికి పాదచారులకు, ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. అడ్డంగా వచ్చే దారులూ లేవు. ఊళ్ల నడుమ నుంచి పోయే జాతీయ రహదారి సంగతి వేరు. అక్కడ ఒక పక్క పొలం, మరొక పక్క ఇల్లు. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. ఒక వైపు పోయే వాహనాల బాట ఏడు మీటర్ల వెడల్పు ఉంటుంది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొన్న స్త్రీ సెకండుకు ఒక మీటరు చొప్పున దానిని దాటటానికి ఏడు సెకండ్లు పడుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ ఏడు సెకండ్లలో 190 మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. ఆమె కూడా ఒక అంచనా వేస్తుంది. అంత దూరాన చిన్నగా కనిపిస్తున్న బండిని చూసి, ప్రతిరోజూ చూసే బండ్ల వేగాన్ని మనసులో పెట్టుకొని, దాటవచ్చునని అడుగు వేస్తుంది. కారులోని చోదకుడు ఆ రోజు తన విచక్షణ ప్రకారం 120 కిలోమీటర్ల వేగాన్ని ఎంచుకొన్న విషయం ఆమెకు తెలిసే మార్గం లేదు.